తగిలించాకే తేలే మట్టం



అమెరికాలో ఏ పెద్ద రహదారి మీదైనా ఓ గంట ప్రయాణం చేస్తే ఒక రకం బండి కంటపడి తీరుతుంది. ముందు పికప్ ట్రక్కు, దాని వెనక చిన్న ఇల్లంత ట్రెయిలర్. ఆ ట్రెయిలర్‌ని ట్రక్కు బంపరుకు తగిలించరు. దాని ముందు భాగం పొడుచుకొచ్చి, ట్రక్కు వెనక తొట్టి మీదికెక్కి కూర్చుంటుంది. దీన్నే ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్ అంటారు. పడకగది, వంటగది, స్నానాలగది అన్నీ లోపలే. ఉద్యోగాలు విరమించిన దంపతులు ఎందరో చలికాలం రాగానే ఉత్తరాది మంచు వదిలి, టెక్సస్ దక్షిణ కొసన ఉన్న రియో గ్రాండ్ లోయకో, అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్‌కో ఇలాంటి బండ్లలోనే తరలిపోతారు.

ఈ తగిలింపు మనకు కొత్తదేమీ కాదు. విశాఖ రేవు నుంచి కంటెయినర్లు మోసుకొచ్చే పొడవాటి ట్రెయిలర్ లారీలను మీరు చూసే ఉంటారు. ట్రెయిలర్ అడుగున కిందికి దిగిన లావుపాటి ఉక్కు పిన్ను ఒకటి ఉంటుంది. దాని పేరు కింగ్‌పిన్. ముందు బండి మీద గాడి ఉన్న పలక ఉంటుంది. పిన్ను ఆ గాడిలోకి దూరగానే దవడలు బిగుసుకుంటాయి. పికప్ ట్రక్కు తొట్టిలో ఉండేదీ ఆ ఏర్పాటే, కాస్త చిన్నది. దాన్ని హిచ్ అంటారు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ట్రెయిలర్ మట్టం గురించి. ట్రక్కుకు తగిలించాక ట్రెయిలర్ అడుగు ఫ్రేము ముందు నుంచి వెనక దాకా నేలకు సమాంతరంగా ఉందా, లేదా? వినడానికి చిన్న సంగతి. కానీ టైర్లు ఎంతకాలం మన్నుతాయో, గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు బండి ఎలా ఆగుతుందో చాలావరకు దీన్ని బట్టే ఉంటుంది.

అమ్మకానికి పెట్టిన చోట ట్రెయిలర్ తన ముందు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. ఆ కాళ్లను ఎంత కావాలంటే అంత పొడవు చేయొచ్చు కాబట్టి అక్కడ అది చక్కగా మట్టంగానే కనిపిస్తుంది. కొనుక్కునేవాళ్ల ట్రక్కూ తన నాలుగు చక్రాల మీద సరిగ్గానే ఉంటుంది. రెంటినీ కలిపి, కాళ్లు పైకి లాగేశాక చూస్తే మూతి పైకి, తోక రోడ్డు మీదికి. తప్పెవరిదంటే ఎవరిదీ కాదు. మట్టం ఒక్క ట్రెయిలర్‌లోనూ లేదు, ఒక్క ట్రక్కులోనూ లేదు. రెండూ కలిసినప్పుడే అది తేలుతుంది. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. మిగతాదంతా దీని వివరం.

అసలు ఈ ఎత్తుల గొడవ ఎక్కడి నుంచి వచ్చింది? 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి, ఒక కలప వ్యాపారి పడవను మోయడానికి ఫోర్డ్ మోడల్ టి కారు వెనక లాగే బండి ఒకటి కట్టిచ్చాడు. తర్వాత 1920ల చివర్లో, విమానాలు తయారుచేసిన గ్లెన్ కర్టిస్ ఏరోకార్ అనే ప్రయాణపు ట్రెయిలర్ తెచ్చాడు. విమానం టైరును కారు వెనక భాగంలో పడుకోబెట్టి, దాని మధ్యలోకి ట్రెయిలర్ ముందు కొసను దించేవాడు. కుదుపు టైరు మింగేసేది. ఆ కార్లు పొట్టివి. ఇప్పటి బరువైన పికప్‌లు అలా లేవు. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే రకం పెద్ద ట్రక్కు తీసుకుంటే, తొట్టి గోడ పైఅంచు నేల నుంచి దాదాపు 5 అడుగుల ఎత్తున ఉంటుంది. ట్రక్కు పెరిగినంతగా ట్రెయిలర్ పెరగకపోతే మూతి పైకి లేవక ఏం చేస్తుంది?

లేస్తే ఏమవుతుంది? ఎడ్లబండికి బస్తాలు ఎత్తిన రైతును అడిగితే సగం జవాబు చెప్పేస్తాడు. బరువు ముందుకు పడితే కాడి ఎడ్ల మెడల మీద కూర్చుంటుంది. వెనక్కి పడితే నొగలు లేచి, మెడపట్టెడ ఎడ్ల గొంతు పట్టేస్తుంది. అందుకే ఇరుసుకు కాస్త ముందు మొగ్గు ఉండేలా సర్దుతాడు. ఫిఫ్త్ వీల్‌లోనూ అంతే. ట్రెయిలర్ మొత్తం బరువులో సుమారు 15 నుంచి 25 శాతం కింగ్‌పిన్ మీద పడాలి. 12,000 పౌండ్ల ట్రెయిలర్ అనుకుందాం. అయిదో వంతు, అంటే 2,400 పౌండ్లు ట్రక్కు మోస్తుంది. మిగిలిన 9,600 పౌండ్లు ట్రెయిలర్ ఇరుసులవి.

ఇక్కడే ఎడ్లబండికీ దీనికీ తేడా వస్తుంది. ఎడ్లబండికి ఇరుసు ఒకటే. ఈ ట్రెయిలర్‌కి సాధారణంగా రెండు, ఒకదాని వెనక ఒకటి. 9,600ను సమానంగా పంచితే ఒక్కో ఇరుసుకు 4,800, ఒక్కో టైరుకు 2,400. బాగానే ఉంది. ఆ పంపకం సమానంగా జరుగుతోందా అన్నదే ప్రశ్న.

ఇందుకు రెండు రకాల ఏర్పాట్లున్నాయి. మొదటిది కమాన్ కట్టలది. ముందు ఇరుసు కమాన్‌కీ, వెనక ఇరుసు కమాన్‌కీ మధ్య ఈక్వలైజర్ అనే ఇనుప ముక్క ఉంటుంది. మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. ముందు చక్రం పైకి లేస్తే, వెనక చక్రాన్ని కిందికి నొక్కుతుంది. అలా బరువును రెండిటికీ సమంగా పంచుతుంది. రెండోది టార్షన్ ఇరుసు. ఇందులో కమాన్లుండవు. ఇరుసు గొట్టం లోపల రబ్బరు కడ్డీలుంటాయి, అవి నొక్కుకుపోయి కుదుపును ఓర్చుకుంటాయి. ప్రయాణం మెత్తగా ఉంటుంది. కానీ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య ఏ లంకే లేదు. దేని బరువు దానిదే.

ఒక చిన్న లెక్క వేద్దాం, కాగితం అక్కర్లేదు. కింగ్‌పిన్ నుంచి ఇరుసుల మధ్య దాకా 22 అడుగులు, అంటే 264 అంగుళాలు. రెండు ఇరుసుల మధ్య ఎడం 33 అంగుళాలు. 264లో 33 సరిగ్గా ఎనిమిదో వంతు. అంటే మూతి ఒక అంగుళం లేస్తే, రెండు ఇరుసుల మధ్య ఎత్తులో తేడా అంగుళంలో ఎనిమిదో వంతు. మూతి 4 అంగుళాలు లేస్తే అర అంగుళం. కమాన్ల బండికి ఈ అర అంగుళం పెద్ద లెక్క కాదు, ఈక్వలైజర్ సర్దేస్తుంది. కాకపోతే గుంతలు, రైలు గేట్లు దాటేటప్పుడు ఊగడానికి ఉంచిన జాగాలో కొంత ముందే ఖర్చయిపోతుంది. టార్షన్ ఇరుసులకు మొత్తం కదలికే కొద్ది అంగుళాలు. అందులో అర అంగుళం పోవడం చిన్న విషయం కాదు. ముందు ఇరుసు తేలిపోతుంది, వెనక ఇరుసు నలిగిపోతుంది.

ఉదాహరణకు ముందు ఇరుసు మీద 4,200, వెనక దాని మీద 5,400 పడిందనుకోండి. వెనక టైరు ఒక్కోటీ 2,700 పౌండ్లు మోస్తుంది. ఎండాకాలం, మండే రోడ్డు, గంటకు 65 మైళ్ల వేగం. అదనపు బరువు టైరులో వేడిగా మారుతుంది, ఆ వేడే టైరును పేలుస్తుంది. పేలిన టైరు ఊరికే పోదు, పైనున్న నేలనీ నీటి గొట్టాలనీ వైర్లనీ చీల్చుకుంటూ పోతుంది. ఇక బ్రేకులు. ఈ ట్రెయిలర్లలో ఎక్కువగా ఉండే కరెంటు బ్రేకులు నాలుగు చక్రాలకూ ఒకే మోతాదు అందిస్తాయి. తేలిపోయిన ముందు చక్రం మొదట బిగుసుకుపోయి రోడ్డు మీద జారుతుంది. బరువున్న వెనక చక్రం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆగాల్సిన దూరం పెరుగుతుంది.

తోక సంగతీ మరిచిపోవద్దు. ఇరుసుల వెనక 10 అడుగుల ట్రెయిలర్ ఉంటే, మూతి 4 అంగుళాలు లేచినప్పుడు తోక దాదాపు 2 అంగుళాలు దిగుతుంది. పెట్రోలు బంకులోకి ఎక్కేటప్పుడు తోక కింది మురుగు గొట్టం నేలకు రాసుకుంటుంది.

సరే, మన బండి మట్టంగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? కంటితో చూసి చెప్పలేం. బళ్ల మీది రంగు గీతలు కంటిని మోసం చేస్తాయి. ఒక కొలత టేపు చాలు. అయితే కొన్ని నియమాలున్నాయి. బండి ఖాళీగా ఉన్నప్పుడు కొలవకూడదు, ప్రయాణానికి సర్దినట్టే సర్దాలి. ఒక గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, 60 గ్యాలన్ల ట్యాంకు నింపితే సుమారు 500 పౌండ్లు. ట్యాంకు నిండా ఉన్నప్పటి మట్టం వేరు, ఖాళీ అయినప్పటి మట్టం వేరు. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. ట్రక్కుకు తగిలించి, ముందు కాళ్లు పూర్తిగా పైకి లాగి, ట్రక్కూ ట్రెయిలరూ ఒకే వరుసలో ఉండేలా ఆపాలి.

నేల? పెద్ద దుకాణాల ముందు బళ్లు ఆపే మైదానం చదునుగా కనిపిస్తుంది గానీ, వాన నీరు పోవడానికి దాన్ని వాలుగా కడతారు. అందుకని ఒకసారి కొలిచి, బండిని పూర్తిగా వెనక్కి తిప్పి అదే చోట ఆపి మళ్లీ కొలవండి. రెండు కొలతల సగటు తీస్తే నేల వాలు లెక్కలోంచి పోతుంది.

మూడు కొలతలు తీసుకోవాలి. మొదటిది, ట్రెయిలర్ ఫ్రేము కింది అంచు నేలకు ఎంత ఎత్తులో ఉందో, ముందొకసారి, వెనకొకసారి. ఆ రెండిటి తేడాయే మీ మట్టం. రెండోది, ట్రక్కు తొట్టి గోడ పైఅంచుకూ, దాని మీదికొచ్చిన ట్రెయిలర్ అడుగుకూ మధ్య ఖాళీ. మూడోది, ట్రెయిలర్ పైకప్పు మీద అన్నిటికంటే ఎత్తైన వస్తువు, మామూలుగా ఏసీ పెట్టె, నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో. ఈ మూడూ కావాలి. ఎందుకంటే ఒకటి సరిచేస్తే ఇంకొకటి కదులుతుంది.

మూతి పైకి లేచి ఉంటే, ఖర్చు లేని దారి ముందు చూడండి. చాలా హిచ్‌లకు రెండు మూడు ఎత్తులుంటాయి. బోల్టులో, పిన్నులో తీసి కింది రంధ్రంలోకి మార్చుకోవచ్చు. అది చాలకపోతే ట్రెయిలర్ వైపు చూడాలి. కింగ్‌పిన్ ఉన్న పెట్టెను పిన్ బాక్స్ అంటారు. దాన్ని ట్రెయిలర్‌కి బిగించే చోట వరసగా రంధ్రాలుంటాయి. పెట్టెను పైరంధ్రాల్లోకి జరిపితే మూతి కిందికి దిగుతుంది. ఇక్కడ తడబడేవాళ్లు చాలామంది. పిన్ను పైకి పోతే మూతి కిందికి, పిన్ను కిందికి పోతే మూతి పైకి. బోల్టులు తయారీదారు చెప్పిన బిగువుతోనే బిగించాలి, కొంత దూరం నడిపాక మళ్లీ చూడాలి.

ఈ రెండు దారులకూ ఒక హద్దుంది. మూతిని ఒక అంగుళం దించితే తొట్టి గోడ మీద ఖాళీ కూడా ఒక అంగుళం తగ్గిపోతుంది. ఆ ఖాళీ 6 అంగుళాల దాకా ఉండాలని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. దానికి కారణం ఉంది. కింగ్‌పిన్ నుంచి తొట్టి వెనక అంచు దాకా సుమారు 4 అడుగులు. 6 అంగుళాల ఖాళీ ఉంటే ట్రక్కూ ట్రెయిలరూ 7 డిగ్రీల దాకా మడత పడినా తగలవు. ఖాళీ 4 అంగుళాలకు దిగితే 5 డిగ్రీలు కూడా దక్కవు. పల్లంలోకి దిగి మళ్లీ ఎక్కే చోట, ఒక పక్క చక్రం గుంతలో పడ్డ చోట ఆ 5 డిగ్రీలు ఇట్టే వచ్చేస్తాయి. అప్పుడు ట్రెయిలర్ అడుగు ట్రక్కు గోడను నొక్కుతుంది. రేకు నలగడంతో ఆగదు, ట్రెయిలర్ ముందు ఫ్రేము కూడా దెబ్బతింటుంది.

అంటే ఖాళీ ఇప్పటికే 6 అంగుళాలే ఉండి, మూతి ఇంకా పైనే ఉంటే, మూతి జోలికి పోకూడదు. వెనక నుంచి ట్రెయిలర్‌నే పైకెత్తాలి. కమాన్లు ఇరుసు కింద ఉన్న బండిలో వాటిని ఇరుసు పైకి మారిస్తే ట్రెయిలర్ 4, 5 అంగుళాలు లేస్తుంది. కానీ ఇరుసునే తలకిందులు చేయకూడదు. ఇరుసు గొట్టానికి తయారీలోనే మధ్యలో స్వల్పంగా పైకి వంపు ఇస్తారు, బరువు పడ్డాక అది సరళమవుతుంది. తిరగేస్తే ఆ వంపు కిందికి పోయి టైర్లు ఒక అంచున అరిగిపోతాయి. కమాన్ కూర్చునే పీటలను ఇరుసు మీదికి మార్చి వెల్డింగ్ చేయాలి. అది తెలిసిన మెకానిక్ పని. లేదంటే కమాన్లను పట్టి ఉంచే హ్యాంగర్లు పొడవైనవి వేయించుకోవచ్చు. టార్షన్ ఇరుసులకైతే ఫ్రేముకూ ఇరుసుకూ మధ్య బిగించే దిమ్మలు దొరుకుతాయి. ట్రెయిలర్లు ఎక్కువగా తయారయ్యే ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల ఇదంతా రోజూ జరిగే పనే.

ఎత్తితే మట్టం వస్తుంది, తొట్టి గోడ మీద ఖాళీ తగ్గదు. మరి పోయేదేమిటి? మెట్టు ఎత్తవుతుంది, పెద్దవాళ్లు ఎక్కలేరు. బరువు కేంద్రం పైకి జరుగుతుంది. పైకప్పు కూడా లేస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు బండి ఎత్తుకు పెట్టిన హద్దు 13 అడుగుల 6 అంగుళాలు. కానీ అన్ని వంతెనలూ అంత ఎత్తుండవు. నార్త్ కరొలైనాలోని డర్హమ్‌లో గ్రెగ్సన్ వీధి మీద రైలు వంతెన ఒకటుంది. క్యారీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో ఉండే మన తెలుగువాళ్లకు అది తెలిసే ఉంటుంది. దాని ఎత్తు ఏళ్ల తరబడి 11 అడుగుల 8 అంగుళాలే ఉండేది. ఎన్ని హెచ్చరికలు పెట్టినా లారీల పైకప్పులు ఒలిచేస్తూనే ఉండేది. 2019లో దాన్ని 8 అంగుళాలు పైకి లేపారు. 12 అడుగుల 4 అంగుళాలైంది. ఇప్పటికీ పెద్ద ఫిఫ్త్ వీల్ ఒకటి దాని కింద పట్టదు. అందుకే ఆ మూడో కొలత రాసి స్టీరింగ్ ఎదురుగా అతికించుకోమంటాను. తయారీదారు పుస్తకంలోని ఎత్తు కాదు, మీ ట్రక్కుకు తగిలించాక మీరు కొలిచిన ఎత్తు.

ఇప్పుడు దీనికి వ్యతిరేకమైన సందర్భం. ట్రెయిలర్ తగిలించగానే ట్రక్కు వెనక భాగం బాగా కుంగిపోతుంది, మూతి కిందికి దిగుతుంది. చాలామంది వెంటనే ట్రక్కు కమాన్ల దగ్గర గాలి సంచులు పెట్టిస్తారు. గాలి నింపితే ట్రక్కు లేస్తుంది, మట్టం కుదురుతుంది. తప్పు లేదు. ప్రమాదమల్లా, మట్టం కుదిరింది కాబట్టి బరువూ సరిపోయిందనుకోవడంలో ఉంది. గాలి సంచి ఎత్తును మారుస్తుంది, ట్రక్కు మోయగల బరువును పెంచదు. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంతకు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. పిన్ను బరువు 2,400, హిచ్ బరువు 200, మనుషులూ సామానూ 600 వేసుకోండి. 3,200 పౌండ్లు. స్టిక్కరు మీద అంకె దీనికంటే తక్కువైతే, రసమట్టం పెట్టి చూసినా ఒక్క గీత తేడా రానంత చక్కగా బండి నిలబడినా సరే, ఆ ట్రక్కు ఆ ట్రెయిలర్‌కి చాలదు.

ఆ లెక్కలేవో తూకమే తేల్చాలి. లారీలు ఆగే పెద్ద బంకుల్లో క్యాట్ స్కేల్ అనే కాటాలుంటాయి. 1977లో అయొవా రాష్ట్రంలోని వాల్కాట్‌లో మొదలైన సంస్థ అది. కాటా పలకలు విడివిడిగా ఉంటాయి కాబట్టి ట్రక్కు ముందు చక్రాల బరువు, వెనక చక్రాల బరువు, ట్రెయిలర్ బరువు మూడూ వేరువేరుగా చీటీ మీద వస్తాయి. ఒకసారి ట్రెయిలర్‌తో, ఒకసారి ట్రక్కు ఒంటరిగా తూచుకుంటే పిన్ను మీద ఎంత పడుతోందో దానంతటదే తెలుస్తుంది.

చివరగా, రాత్రి బసకు ఆగినప్పటి సంగతి. తెల్లారే వెళ్లిపోతాం కదా అని ట్రక్కు విప్పకుండానే చాలామంది పడుకుంటారు. అప్పుడు పక్కల మట్టం మాత్రమే మన చేతిలో ఉంటుంది. పల్లంగా ఉన్న వైపు ట్రెయిలర్ చక్రాలను చెక్క పలకల మీదికి ఎక్కించాలి, రెండు ఇరుసుల చక్రాలనూ. ముందు కాళ్లు దించి మూతిని పైకెత్తే ప్రయత్నం చేయకండి. అవి ట్రెయిలర్‌తో పాటు ట్రక్కు వెనక భాగాన్నీ ఎత్తబోతాయి. నేలకు ఆని, ఊగకుండా పట్టుకునేంత వరకే దించాలి. గ్యాసు మీద నడిచే పాత తరహా ఫ్రిజ్ ఉంటే మరీ జాగ్రత్త. అందులో కంప్రెసర్ ఉండదు, అమోనియా కలిసిన ద్రవం వాలు మీదుగానే కిందికి దిగాలి. ఫ్రిజ్‌కి ఎదురుగా నిలబడి చూస్తే పక్కలకు 3 డిగ్రీలు, ముందువెనకలకు 6 డిగ్రీలు దాటి వంగి గంటల తరబడి నిలబడితే ద్రవం ఒకచోట నిలిచిపోయి, గొట్టంలో పదార్థం గడ్డకట్టి, ఫ్రిజ్ శాశ్వతంగా పాడవుతుంది. ట్రక్కు విప్పేటట్టయితే ముందు పక్కల మట్టం చూసుకుని, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ఆ తర్వాతే పిన్ను వదలాలి.

ఒకసారి కుదిరిన మట్టం జన్మంతా ఉంటుందనుకోవద్దు. ట్రక్కు మార్చారు, మళ్లీ కొలవాలి. ట్రెయిలర్‌కి పెద్ద టైర్లు వేశారు, మళ్లీ కొలవాలి. కమాన్లు అరిగి బండి కుంగింది, మళ్లీ కొలవాలి. పాత ట్రెయిలర్ కొంటుంటే, అమ్మేవారి ట్రక్కు వెనక అది ఎంత మట్టంగా ఉందో చూసి మురిసిపోకండి. మీ ట్రక్కు తీసుకెళ్లి, తగిలించి, ఆ మూడు కొలతలూ తీసుకున్నాకే బేరం మాట్లాడండి. తేడా ఎంతో తెలిస్తే, దాన్ని సరిచేసే ఖర్చు ఎవరు పెట్టుకోవాలో అక్కడే తేల్చుకోవచ్చు.